టీబీ పేషెంట్ ఐసీయూలో ఉంటే: విజయవాడ, గుంటూరు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

టీబీ అంటే ఆరు నెలలు మందులు వాడితే తగ్గిపోయే జబ్బు అని ఇప్పుడు అందరికీ తెలుసు. ఎక్కువమందికి అలాగే తగ్గుతుంది. కానీ కొందరు మందులు మొదలుపెట్టకముందే, లేదా మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఊపిరి అందకో, రక్తం కక్కుకునో, స్పృహ తప్పో ఐసీయూకి వస్తారు. గుంటూరు జీజీహెచ్‌లో అయినా, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో అయినా, మంగళగిరి ఎయిమ్స్‌లో అయినా, ప్రైవేటులో అయినా ఐసీయూ తలుపు బయట కూర్చున్నవాళ్ల ప్రశ్నలు దాదాపు ఇవే. డ్యూటీ డాక్టర్‌కి నిలబడి వివరంగా చెప్పే తీరిక ఉండదు. ఛాతీ వైద్యుడిగా నాకు తెలిసింది ఇక్కడ నింపాదిగా రాస్తున్నాను. మీ మనిషికి ఏ మందు, ఎంత డోసు అన్నది మాత్రం మంచం దగ్గరున్న డాక్టరే తేల్చాలి.

టీబీతో ఐసీయూలో చేరినవాళ్లు బతుకుతారా?

బతుకుతారు. అందరూ కాదు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పకపోతే మీకు అబద్ధం చెప్పినట్టే.

మామూలుగా టీబీకి మందులు వాడేవాళ్లలో మన దేశంలో నూటికి 85 మందికి పైగా విజయవంతంగా కోర్సు పూర్తి చేస్తారు. ఐసీయూ దాకా వచ్చినవాళ్ల లెక్క వేరు. రకరకాల దేశాల్లో జరిగిన అధ్యయనాలు చూస్తే, ఊపిరి అందని స్థితిలో వచ్చి వెంటిలేటర్ అవసరమైన టీబీ పేషెంట్లలో అటూ ఇటూగా సగం మంది చనిపోతున్నారు. కొన్నిచోట్ల అంతకంటే తక్కువ, కొన్నిచోట్ల ఎక్కువ. ఈ సగం అన్న లెక్క మీ నాన్నగారికో మీ చెల్లెలికో జాతకం కాదు. ఆ సగంలో ఎటువైపు ఉంటారన్నది వాళ్ల బరువు, ఎన్ని అవయవాలు దెబ్బతిన్నాయి, టీబీ మందు ఏ రోజు మొదలైంది, హెచ్‌ఐవీ ఉందా, షుగర్ ఎలా ఉంది, క్రిమి మందులకు లొంగుతుందా అన్నవాటి మీద ఆధారపడి ఉంటుంది.

వెంటిలేటర్ పెడితే ఇక తిరిగి రారని అందరూ అంటున్నారు. నిజమేనా?

నిజం కాదు. వెంటిలేటర్ పెట్టిన తర్వాత ఇంటికి నడిచి వెళ్లినవాళ్లు ఎందరో ఉన్నారు.

ఈ మాట ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. బాగా విషమించినవాళ్లకే వెంటిలేటర్ పెడతారు కాబట్టి అక్కడ మరణాలూ ఎక్కువే. చూసేవాళ్లకు మెషిన్ వల్లే పోయారనిపిస్తుంది. నిజానికి ఆ మెషిన్ జబ్బును తగ్గించదు, టీబీ మందు పని మొదలుపెట్టేదాకా మనిషిని నిలబెడుతుంది. అందుకే వెంటిలేటర్ మీద ఉన్న రోజుల్లో కూడా టీబీ మందులు ఒక్క డోసు తప్పకుండా పడుతున్నాయా అన్నది నా దృష్టిలో మెషిన్ కంటే పెద్ద ప్రశ్న.

ఆలస్యం గురించీ చెప్పాలి. "వెంటిలేటర్ వద్దు, ఇంకో పూట చూద్దాం" అని సంతకం పెట్టకుండా ఆగిపోయే కుటుంబాలు ఉంటాయి. నిమిషానికి నలభైసార్లు ఎగశ్వాస తీసుకుంటున్న మనిషి ఆ పూటలోనే అలసిపోతాడు. ట్యూబ్ వేయక తప్పదని తేలాక, గుండె ఆగబోయే ముందు హడావుడిగా వేసేదానికంటే నాలుగు గంటల ముందు నిదానంగా వేయడమే క్షేమం.

అసలు టీబీ మనిషిని ఐసీయూ దాకా ఎలా తెస్తుంది?

ఎక్కువసార్లు ఊపిరితిత్తుల వల్లే. ఏళ్ల తరబడి కాకపోయినా నెలల తరబడి పట్టించుకోని టీబీ రెండువైపులా పాకి, గాలి మారే చోటు మిగల్చదు. ఇంకో రకంలో క్రిమి రక్తంలో కలిసి ఒళ్లంతా చేరుతుంది. దాన్ని మిలియరీ టీబీ అంటాం. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల నిండా కొర్రగింజలు చల్లినట్టు కనిపిస్తుంది. అది చూడటానికి వేరే న్యుమోనియాలాగే ఉండి డాక్టర్లను కూడా పక్కదారి పట్టిస్తుంది.

ఊపిరితిత్తికి చిల్లుపడి చుట్టూ గాలి చేరడం, గుండె చుట్టూ నీరు చేరి గుండెను నొక్కేయడం, మెదడు పొరలకు టీబీ సోకి ఫిట్స్, స్పృహ తప్పడం, బీపీ పడిపోవడం కూడా ఉంటాయి. ఇవన్నీ అరుదైనవేమీ కావు. పెద్ద ఐసీయూల్లో తరచూ కనిపించేవే.

దగ్గులో కప్పుల కొద్దీ రక్తం పడింది. ఎంత రక్తం పోతే ప్రమాదం?

ఇక్కడ ప్రాణం తీసేది పోయిన రక్తం కాదు, గాలిగొట్టంలో చేరి ఊపిరి ఆడనివ్వని రక్తం. అందుకే లీటర్లలో కాకుండా, ఎంత వేగంగా వస్తోంది, మనిషి దాన్ని బయటికి దగ్గగలుగుతున్నాడా అని చూడాలి.

108 వచ్చేలోపు ఒక పని చేయొచ్చు. ఏ వైపు ఊపిరితిత్తి నుంచి రక్తం వస్తోందో పాత ఎక్స్‌రేను బట్టి తెలిసి ఉంటే, ఆ వైపు కిందికి ఉండేలా పడుకోబెట్టండి. మంచివైపు పైన ఉంటే అందులోకి రక్తం కారదు. తెలియకపోతే కూర్చోబెట్టి ముందుకు వంగనివ్వండి. వెల్లకిలా పడుకోబెట్టొద్దు. దగ్గు ఆపడానికి సిరప్ పొయ్యొద్దు, మంచినీళ్లు కూడా తాగించొద్దు.

ఆసుపత్రిలో సీటీ స్కాన్ చూసి, తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి ట్యూబ్ పంపి రక్తం కారుతున్న నాళాన్ని లోపలే మూసేస్తారు. దీన్ని ఎంబోలైజేషన్ అంటారు. ఇది చేసే వసతి అన్ని ఆసుపత్రుల్లో ఉండదు. అందుకే చేర్పించేటప్పుడే "ఇక్కడ ఎంబోలైజేషన్ చేస్తారా?" అని అడగడం మంచిది. రక్తం ఆగిందంటే టీబీ తగ్గిందని కాదు, మందులు యథావిధిగా సాగాలి.

మూడు వారాల నుంచి తిరగని ఆసుపత్రి లేదు. టీబీ అని ఇప్పుడు చెబుతున్నారు. ఎందుకింత ఆలస్యం?

ఈ ప్రశ్నే నన్ను అన్నిటికంటే బాధపెడుతుంది. ఎందుకంటే ఐసీయూలో ప్రాణం నిలుస్తుందా లేదా అన్నది చాలావరకు ఐసీయూకి రాకముందు గడిచిన ఆ మూడు వారాల్లోనే నిర్ణయమైపోతుంది.

గుంటూరు ప్రాంతంలో దగ్గుకి ఎప్పుడూ ఒక కారణం సిద్ధంగా ఉంటుంది. మిర్చి యార్డులో పనిచేసేవాళ్లకి ఘాటు, సిమెంట్ పనివాళ్లకి దుమ్ము, విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసేవాళ్లకి పెయింటూ పొగా, మిగతావాళ్లకి సిగరెట్టో వాతావరణమో. ఆ కారణం నిజమే కావచ్చు కూడా. దాంతో పరీక్ష వాయిదా పడుతుంది. మెడికల్ షాపులో సిరప్ ఇస్తారు, తగ్గదు. తర్వాత యాంటీబయాటిక్ ఇస్తారు. అది లెవోఫ్లాక్సాసిన్ లాంటిదైతే టీబీ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తుంది కాబట్టి పది రోజులు జ్వరం తగ్గినట్టుంటుంది, కఫం పరీక్ష చేసినా క్రిమి దొరక్కపోవచ్చు. "తగ్గింది" అనుకుని పనికి వెళ్లిపోతారు. మళ్లీ జ్వరం వచ్చేసరికి బరువు ఇంకో మూడు కేజీలు పోయి ఉంటుంది. ఆయాసానికని స్టెరాయిడ్ పడితే రెండు రోజులు ప్రాణం లేచొచ్చినట్టుంటుంది, లోపల టీబీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

కాబట్టి రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం వీటిలో ఏది ఉన్నా యాంటీబయాటిక్ రెండో కోర్సు కొనేముందు కఫం పరీక్ష చేయించండి. ప్రభుత్వ కేంద్రాల్లో అది ఉచితం. తీవ్రమైన న్యుమోనియా అని ఐసీయూలో చేర్చినప్పుడు కూడా మొదటి రోజే "టీబీ పరీక్ష పంపారా డాక్టర్ గారూ?" అని అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా పర్వాలేదు.

కఫం పరీక్షలో టీబీ రాలేదు. అయినా టీబీ మందులు వేస్తున్నారు. వేయొచ్చా?

వేయొచ్చు. విషమంగా ఉన్న మనిషి విషయంలో చాలాసార్లు అదే సరైన నిర్ణయం.

మైక్రోస్కోప్ కింద చూసే పాత పరీక్షకు క్రిములు చాలా ఎక్కువగా ఉంటేనే కనిపిస్తాయి. సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు అంతకంటే ఎంతో సున్నితమైనవి. ఒకటి రెండు గంటల్లో ఫలితం ఇస్తాయి, రిఫాంపిసిన్ మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. ట్రూనాట్ మన దేశంలోనే, గోవాలో తయారైన యంత్రం. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లు కఫం ఉమ్మలేరు కాబట్టి గొంతులోని ట్యూబ్‌లోంచి సక్షన్‌తో తీసిన కఫాన్ని చిన్న డబ్బాలో పట్టి పంపుతారు. ఇంత చేసినా మిలియరీ టీబీలో, మెదడు టీబీలో నెగటివ్ రావచ్చు. కల్చర్ పరీక్ష అన్నిటికంటే నమ్మకమైనది గానీ, దానికి వారాలు పడుతుంది. ఆరు వారాల తర్వాత "పాజిటివ్" అని వచ్చే కాగితం కోసం ఐసీయూలో ఎదురుచూడలేం. స్కాన్, లక్షణాలు, ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా టీబీ ఉందా అన్నది చూసి మొదలుపెట్టేస్తారు.

గొంతులో ట్యూబ్ ఉంది. ఇంకెలా మింగుతారు? ఇంజెక్షన్లు ఉండవా?

టీబీలో ముఖ్యమైన నాలుగు మందులు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. ఇవి మనకు ఎక్కువగా మాత్రల్లోనే దొరుకుతాయి. వాటిని మెత్తగా పొడి చేసి, నీళ్లలో కలిపి, ముక్కులోంచి కడుపులోకి వేసిన రైల్స్ ట్యూబ్ ద్వారా పంపుతారు.

పని చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఫలితం దీనిమీదే ఆధారపడుతుంది. రిఫాంపిసిన్ ఖాళీ కడుపుతో బాగా ఒంటికి పడుతుంది. ఐసీయూలో ట్యూబ్ ద్వారా పాలో, పౌడరో రోజంతా వెళుతూ ఉంటాయి. అందుకని మందుకు కొంచెం ముందు ఫీడ్ ఆపి, మందు వేసి, ట్యూబ్‌లో పొడి మిగలకుండా నీళ్లతో కడిగి, కాసేపాగి మళ్లీ ఫీడ్ మొదలుపెట్టాలి. బీపీ పడిపోయి పేగులు సరిగా పనిచేయనివాళ్లలో మందు రక్తంలోకి తక్కువగా చేరుతుంది. అలాంటప్పుడు డాక్టర్లు ఇంజెక్షన్ రూపంలో దొరికే మందులను కలుపుతారు. కిడ్నీ దెబ్బతింటే పైరజినమైడ్, ఇథాంబుటాల్ రోజు మార్చి రోజు పద్ధతిలో తగ్గించి ఇస్తారు, మిగతా రెండూ మామూలుగానే సాగుతాయి.

యూరిన్ బ్యాగ్ ఎర్రగా ఉంది. రక్తమా?

నారింజ రంగుకి దగ్గరగా ఉంటే రిఫాంపిసిన్ రంగు అది. కన్నీళ్లు, చెమట కూడా ఆ రంగులో రావచ్చు. టెన్షన్ పడొద్దు. గడ్డలు కనిపిస్తే మాత్రం సిస్టర్‌కి చెప్పండి.

మందులు మొదలుపెట్టాక ఇంకా దిగజారింది. మందులే పడలేదా?

మూడు రకాలుగా జరగొచ్చు. ఒకటి, మందు పనిచేయడానికి ముందే జబ్బు ముదిరిపోవడం. టీబీ మరణాల్లో ఎక్కువ భాగం వైద్యం మొదలైన మొదటి రెండు నెలల్లోనే జరుగుతాయి. ఆ రోజుల్లో పోయినవారి ఇంట్లో "మందులు మింగాకే పోయాడు" అన్న మాట మిగిలిపోతుంది, పక్కింట్లో టీబీ వచ్చినవాళ్లు భయంతో మందులు మానేస్తారు. ఆ మాట ఊళ్లో ఎంత నష్టం చేస్తుందో నేను చూశాను.

రెండోది, క్రిములు చనిపోతుంటే ఒంట్లోని రోగనిరోధక శక్తి ఒక్కసారిగా రెచ్చిపోయి వాపు, జ్వరం, ఆయాసం పెంచడం. హెచ్‌ఐవీ మందులు కొత్తగా మొదలుపెట్టినవాళ్లలో ఇది ఎక్కువ. మందులు ఆపకుండానే, కొన్నిసార్లు స్టెరాయిడ్ కలిపి దీన్ని దాటిస్తారు. మూడోది ఐసీయూలో కొత్తగా సోకే వేరే ఇన్ఫెక్షన్. వెంటిలేటర్ రోజులు పెరిగేకొద్దీ దీని ముప్పూ పెరుగుతుంది, అందుకే మెషిన్ నుంచి ఎంత త్వరగా బయటపడితే అంత మంచిది.

కామెర్లు వచ్చాయని టీబీ మందులు ఆపేశారు. ఇప్పుడెలా?

ఆ నాలుగింటిలో మూడు, అంటే ఇథాంబుటాల్ తప్ప మిగతావన్నీ, లివర్‌ను దెబ్బతీయగలవు. కామెర్లు కనిపించినా, లివర్ దెబ్బను చూపే రక్తపరీక్ష ఎస్‌జీపీటీ మామూలు కంటే ఐదు రెట్లు దాటినా ఆపాల్సిందే. మందు ఇంకా మింగిస్తూ ఉంటే లివర్ పూర్తిగా పాడయ్యే ప్రమాదం ఉంది. అయితే విషమంగా ఉన్న పేషెంట్‌కి అసలు ఏ టీబీ మందూ లేకుండా వదలరు. ఇథాంబుటాల్‌తో పాటు లివర్‌కి హాని తక్కువైన వేరే మందులు నడిపిస్తారు. ఎస్‌జీపీటీ దిగాక పాతవాటిని ఒక్కొక్కటిగా, కొన్ని రోజుల తేడాతో మళ్లీ చేరుస్తారు. ఈ సమయంలో ఇంటి నుంచి నాటు మందు, పసరు తెచ్చి ట్యూబ్‌లో పొయ్యమని సిస్టర్లను అడగొద్దు. కామెర్లకు పసరు మందు మన జిల్లాల్లో మామూలే, కానీ అది కలిస్తే లివర్ ఏ మందు వల్ల పాడవుతోందో తేల్చడం ఎవరి తరమూ కాదు.

మెదడు టీబీ అనుమానం అంటున్నారు. వెన్నులోంచి నీరు తీస్తే నడుము పడిపోతుందట కదా?

పడిపోదు. సూది దిగే చోట వెన్నుపాము ఉండదు, అది అంతకంటే పైనే ముగిసిపోతుంది. ఆ భయంతో పరీక్ష రెండు రోజులు వాయిదా వేసిన కుటుంబాలు తర్వాత చాలా బాధపడ్డాయి. ఎందుకంటే ఈ జబ్బులో రోజు కాదు, పూట లెక్క. తలనొప్పి, జ్వరం, వాంతులతో మాట్లాడుతూ వచ్చినవాళ్లలో ఎక్కువమంది బయటపడతారు. పూర్తిగా స్పృహ తప్పాక వచ్చినవాళ్లలో సగానికి మించి పోతారు, బతికినవాళ్లలో కొందరికి చూపు, వినికిడి, నడక దెబ్బతింటాయి.

మెదడు టీబీలో మొదట్లో స్టెరాయిడ్ ఇస్తే మరణాలు తగ్గుతాయని 2004లో వియత్నాంలో జరిగిన పెద్ద పరీక్ష చూపించింది. అప్పటి నుంచీ అది వైద్యంలో భాగం. మెదడులో నీరు పేరుకుంటే దాన్ని కడుపులోకి మళ్లించే షంట్ ఆపరేషన్ అవసరం పడొచ్చు. మందుల కోర్సు ఆరు నెలలు సరిపోదు, తొమ్మిది నుంచి పన్నెండు నెలలు పడుతుంది.

మొండి టీబీ, ఎండీఆర్ అన్నారు. ఇక ఆశ లేనట్టేనా?

కాదు. ఎండీఆర్ అంటే ముఖ్యమైన టీబీ మందులకు లొంగని క్రిమి. దాని వైద్యం ఒకప్పుడు ఏడాదిన్నర, రెండేళ్లు నడిచేది, అందులో నెలల తరబడి రోజూ ఇంజెక్షన్లు ఉండేవి. ఇప్పుడు బెడాక్విలిన్ లాంటి మందులు వచ్చాయి. అర్హత ఉన్నవాళ్లకు ఆరు నెలల్లో ముగిసే నాలుగు మందుల విధానానికి 2024లో కేంద్ర ఆరోగ్యశాఖ ఆమోదం తెలిపింది. వీటిలో కొన్ని గుండె లయను మార్చగలవు కాబట్టి ఈసీజీలు తరచూ తీస్తారు. సీబీనాట్ ఫలితం తొలిరోజే చేతికొస్తే సరైన మందు తొలిరోజే పడుతుంది, అందుకే దానికంత ప్రాధాన్యం.

మేం లోపలికి వెళ్లి చూడొచ్చా? మాకు అంటుకోదా?

ఎన్95 మాస్క్ సరిగ్గా పెట్టుకుని, ఆసుపత్రి చెప్పిన టైమ్‌కి వెళ్లండి. సరైన మందు పడటం మొదలయ్యాక అంటించే శక్తి వేగంగా తగ్గిపోతుంది. రెండు వారాల మందు తర్వాత చాలామంది అంటించే స్థితిలో ఉండరు. గిన్నెలు, దుప్పట్లు, చేయి పట్టుకోవడం వల్ల టీబీ రాదు, గాలి ద్వారానే వస్తుంది.

చేయి పట్టుకోండి, మాట్లాడండి. మత్తులో ఉన్నా వినపడుతూ ఉండొచ్చు. కోలుకున్నాక "మీరెవరూ నా దగ్గరకి రాలేదు" అన్న పేషెంట్ల మాట చాలాసార్లు విన్నాను. టీబీ అని తెలిసి బంధువులు ఆగిపోవడం మందు లేని గాయం.

ఎయిమ్స్ ఉన్న మంగళగిరి స్థలంలో ఒకప్పుడు టీబీ శానిటోరియం ఉండేది. అప్పట్లో టీబీ అంటే ఊరికి దూరంగా పెట్టడమే వైద్యం. ఇంట్లో ఉండి మందులు వాడినా అంతే ఫలితం ఉంటుందనీ, ఇంట్లోవాళ్లకు ముప్పు పెరగదనీ 1959లోనే మద్రాసులో జరిగిన అధ్యయనం తేల్చింది. ఆ భయం మాత్రం ఇంకా మనతోనే ఉంది.

హైదరాబాద్ తీసుకెళ్లిపోదామా?

ఇక్కడ లేని సదుపాయం ఏదో ఒకటి పేరు పెట్టి చెప్పగలిగితేనే వెళ్లండి. "పెద్దాసుపత్రి కదా" అన్నది కారణం కాదు. ఆక్సిజన్ మీద నిలబడలేని మనిషిని ఐదారు గంటలు అంబులెన్స్‌లో తీసుకెళ్లడమే ఒక పెద్ద ప్రమాదం. తప్పనిసరి అయితే ముందు అక్కడి డాక్టర్‌తో ఇక్కడి డాక్టర్‌ని ఫోన్‌లో మాట్లాడించండి, బెడ్ ఖాయం చేసుకోండి, వెంటిలేటర్ ఉన్న అంబులెన్స్ అడగండి. టీబీ మందు ఏ తేదీన మొదలైంది, నిన్నటి డోసు పడిందా అన్నది కాగితం మీద రాయించుకోండి. ఆసుపత్రులు మారినప్పుడే రెండు మూడు రోజులు మందు పడకుండా పోతుంది.

ఖర్చు భరించలేకపోతున్నాం. ఏం దారి?

టీబీ మందులకు ఎక్కడా డబ్బు కట్టనక్కర్లేదు. ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నా ప్రభుత్వ మందులు ఉచితంగా పొందొచ్చు. టీబీ కేసును ప్రభుత్వానికి తెలియజేయడం 2012 నుంచి ప్రతి ఆసుపత్రికీ తప్పనిసరి. అలా ప్రభుత్వ టీబీ రికార్డు అయిన నిక్షయ్‌లో నమోదైతే మీకొక ఐడీ వస్తుంది, దాన్ని రాసిపెట్టుకోండి. పోషణ కోసం వైద్యం సాగినన్నాళ్లూ నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. 2024 నవంబరుకు ముందు అది 500 ఉండేది. ఐసీయూ బిల్లు విషయంలో ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు వర్తిస్తుందేమో చేరిన రోజే ఆసుపత్రి హెల్ప్ డెస్క్‌లో అడగండి, డిశ్చార్జి రోజున కాదు. నిక్షయ్ హెల్ప్‌లైన్ 1800-11-6666.

రోజూ డాక్టర్ గారు "సీరియస్‌గానే ఉంది" అంటున్నారు. ఇంకేం అడగాలి?

ఇవి అడగండి: నిన్నటికీ ఇవాళ్టికీ ఆక్సిజన్ శాతం తగ్గించారా, పెంచారా? బీపీ మందు డోసు తగ్గిందా? యూరిన్ ఎంత వస్తోంది? ఈరోజు టీబీ మందు పడిందా? ట్యూబ్ ద్వారా ఆహారం పూర్తిగా వెళుతోందా?

ఈ ఐదూ రోజూ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే మూడు నాలుగు రోజులకు ఎటు నడుస్తోందో మీకే తెలుస్తుంది. ఇంటి నుంచి ఒక్కరే వెళ్లి అడిగి మిగతావాళ్లకు చెప్పండి.

డాక్టర్లే ఇక లాభం లేదంటే?

అవయవాలు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోతుంటే, మందులన్నీ వాడి చూశాక ఆ మాట చెబుతారు. అప్పుడు నొప్పి, ఆయాసం లేకుండా చూడమని అడిగే హక్కు మీకుంది. పక్కన కూర్చోనివ్వమని అడగండి. ఆ నిర్ణయం ఏ ఒక్కరి నెత్తినా పడకుండా ఇంటివాళ్లంతా కూర్చుని తీసుకోండి. పోయాక "మనం ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే" అని ఒకరినొకరు నిలదీసుకోవద్దు.

కోలుకుంటున్నారు. ఏం పెట్టాలి? పథ్యం ఏమిటి?

పథ్యం లేదు. మద్యం, పొగ తప్ప అన్నీ పెట్టొచ్చు. గుడ్డు వేడి, పెరుగు జలుబు, పప్పు వాతం అని ఒక్కొక్కటీ తీసేసి చివరికి ఇడ్లీ, బ్రెడ్డు మిగుల్చుతారు. అది ఈ జబ్బుకి విషంతో సమానం. గుడ్లు, పప్పు, పాలు, పెరుగు, వేరుశనగలు, చేపలు, మాంసం, ఇంట్లో ఏది వీలైతే అది, కొద్దికొద్దిగా ఐదారుసార్లు పెట్టండి.

ఒక జాగ్రత్త ఉంది. ఎముకల గూడులా చిక్కిపోయినవాళ్లకు మొదటి వారంలో ఒక్కసారిగా ఎక్కువ తిండి పెడితే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. అందుకే ఐసీయూలో ఆహారాన్ని మెల్లమెల్లగా పెంచుతారు. "సరిగా పెట్టట్లేదు" అని కంగారుపడొద్దు.

జార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడిన రేషన్స్ అధ్యయనంలో టీబీ పేషెంట్లకు నెలనెలా బియ్యం, పప్పు, పాలపొడి, నూనె ఇచ్చి గమనించారు. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్లకు చనిపోయే ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. 40 కేజీల మనిషికి 5 శాతం అంటే రెండు కేజీలు. అందుకే ఇంట్లో బరువు చూసే మిషన్ ఉండాలంటాను.

ఇంటికొచ్చాక ఎన్నాళ్లకు మామూలు మనిషి అవుతారు?

నెలలు పడుతుంది. ఐసీయూలో కండలు కరిగిపోతాయి, లేచి నిలబడటమే కష్టమవుతుంది. నిద్రలో ఉలిక్కిపడటం, మతిమరుపు, ఊరికే ఏడవటం కూడా ఉంటాయి. ఇవి పిచ్చి కాదు, క్రమంగా తగ్గుతాయి. రోజూ కొంచెం నడక, ఊపిరి వ్యాయామాలు ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకోండి. టీబీ పూర్తిగా నయమైనా కొందరికి ఊపిరితిత్తుల్లో మచ్చలు మిగిలి ఆయాసం ఉండిపోతుంది. ఏడాదికి ఒకసారైనా చూపించుకోవాలి.

రిఫాంపిసిన్ చాలా మందుల పనిని తగ్గించేస్తుంది: ఫిట్స్ మందులు, రక్తం పలచబడే మందులు, కొన్ని షుగర్ మాత్రలు, గర్భనిరోధక మాత్రలు. ఏ డాక్టర్ దగ్గరకి వెళ్లినా టీబీ మందుల కార్డు చూపించండి.

ఇంకొకరికి ఈ స్థితి రాకుండా ముందే పసిగట్టే మార్గం ఉందా?

ఉంది, పెద్ద ఖర్చు కూడా లేదు. తమిళనాడు 2022లో ఒక పద్ధతి మొదలుపెట్టింది. టీబీ అని తేలిన రోజునే ప్రతి పేషెంట్‌కీ బరువు, ఎత్తు, ఊపిరి వేగం, ఆక్సిజన్ చూసి, ఆసరా లేకుండా నిలబడగలరో లేదో చూస్తారు. తేడా ఉన్నవాళ్లను మందులిచ్చి ఇంటికి పంపకుండా ఆసుపత్రిలో చేరుస్తారు.

ఇదే మీరు ఇంట్లో చూడొచ్చు. కోవిడ్ టైమ్‌లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ బీరువాలో ఎక్కడో ఉంటుంది, బ్యాటరీ మార్చి తీయండి. ఆక్సిజన్ 94 కంటే తక్కువ ఉన్నా, కదలకుండా కూర్చున్నప్పుడు నిమిషానికి 24 సార్ల కంటే ఎక్కువ ఊపిరి తీస్తున్నా, పట్టుకోకుండా నిలబడలేకపోతున్నా, కాళ్ల వాపుతో బాగా చిక్కిపోయినా ఆ రోజే ఆసుపత్రిలో చేర్చాలి. బరువు విషయం అంకెల్లో చెప్పాలంటే, ఐదడుగుల ఐదంగుళాల మనిషి 38 కేజీలకు దిగితే కాళ్ల వాపు లేకపోయినా అది అత్యవసర స్థితే. "మందులు మొదలయ్యాయిగా, మెల్లగా తగ్గుతుందిలే" అని ఇంట్లో ఉంచొద్దు.

మా ఇంట్లో మిగతావాళ్లం ఏం చేయాలి?

అందరూ పరీక్ష చేయించుకోవాలి. దగ్గు లేకపోయినా సరే. ఐదేళ్లలోపు పిల్లలు, షుగర్ ఉన్నవాళ్లు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు ముందు. జబ్బు లేదని తేలినవాళ్లకు అది రాకుండా నివారణ మందు ఇస్తారు: రోజూ వేసుకునే ఐసోనియాజిడ్ ఆరు నెలలు, లేదా వారానికోసారి చొప్పున పన్నెండు డోసులు. ఎండీఆర్ ఇంట్లో ఈ మందులు వేరుగా ఉంటాయి. మీ ప్రాంతపు ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో పేషెంట్ నిక్షయ్ ఐడీ చెబితే పీహెచ్‌సీలోనే ఏర్పాటు చేస్తారు. మూడు నెలల తర్వాత కూడా ఎవరికైనా దగ్గు మొదలైతే మళ్లీ పరీక్ష చేయించండి, మొదటిసారి లేదన్నారు కదా అని ఆగొద్దు.